తుంగ చేను

ఏప్రిల్ 19
మిరపకట్టె పీకించేశాం. చేను ఖాళీ. ఖాళీ ఎక్కడ... పడమరంతా తుంగే. మిరప ఎప్పుడు పోతుందా అని కాచుక్కూర్చున్నట్టుంది.

ఏప్రిల్ 22
ట్రాక్టరబ్బాయితో గొడవ. రోటవేటర్ వేస్తానంటాడు. "పిండైపోద్దక్కా" అని. పిండయ్యేది మట్టి. తుంగ గడ్డల గొలుసు తెగి, నిద్రలో ఉన్న గడ్డ కూడా లేస్తుంది. పల్టీ నాగలే వేయమన్నాను, లోతుగా. గొణుక్కుంటూనే వేశాడు. డీజిలు లెక్క గట్టిగానే చెప్పాడు.

ఏప్రిల్ 23
పొద్దున్నే బెడ్డల మధ్య కూర్చున్నాను. ఒక గడ్డ, దాన్నుంచి సన్నటి వేరు, దానికింకో గడ్డ, మళ్ళీ వేరు. పైన నల్లటి పొట్టు. గోటితో గిల్లితే లోపల తెలుపు, ఘాటు వాసన. ఇవే ఆయుర్వేదం కొట్లో తుంగముస్తలు. డబ్బులిచ్చి కొంటారు! నా చేలోవన్నీ అమ్మితే మిరప అప్పు తీరేదేమో.

మే 3
ఎండ మండిపోతోంది. గుప్పెడు గడ్డలు డాబా మీద పోశాను, గుప్పెడు మెట్ల కింద నీడలో. అత్తయ్య నవ్వింది. వాళ్ళ రోజుల్లో చేలోకి పందుల మందని తోలేవాళ్ళట, తవ్వుకుని తినేసేవట. ఇప్పుడు మందలేవి?

మే 21
ఆ రెండు గుప్పెళ్ళూ మొలుస్తాయో లేదో చూద్దామని తర్వాత విడివిడిగా తడి గోనెల్లో చుట్టి పెట్టాను. ఇవాళ విప్పాను. డాబా మీదివి ముడుచుకుపోయాయి, కోస్తే గోధుమరంగు. ఒక్కటీ మొలవలేదు. నీడవి మాత్రం సూదుల్లా తెల్లటి మొలకలు. అంటే ఎండే మందు. కానీ జానెడు లోతున ఉండిపోయిన గడ్డ మాట?

మే 26
పక్కచేను బాబాయి క్యాన్ పట్టుకొచ్చాడు. గ్లైఫోసేటు కలుపుమందు. "నీకూ కాస్త ఇస్తానమ్మాయ్, వారంలో మాడిపోద్ది." మాడుతుంది, నిజమే. ఆయన చేలో పోయినేడూ మాడింది. ఈ ఏడూ లేచింది. 2022లోనే కేంద్రం పెస్ట్ కంట్రోల్ వాళ్ళు తప్ప ఇంకెవరూ కొట్టకూడదంది. ఎవరికి పట్టింది? వద్దన్నాను. ముఖం ముడుచుకుని వెళ్ళాడు.

జూన్ 14
మృగశిర వానకి తుంగ మళ్ళీ లేచింది. కింద ఉండిపోయినవే. గుంటక తోలించి జనుము చల్లించాను, ఎకరానికి 20 కిలోలు. విత్తనాల కొట్టతను అంతెందుకన్నాడు. పచ్చిరొట్ట ఎటూ అవుతుంది. నాకు ముందు తుంగని అణిచే నీడ కావాలి.

జూలై 12
జనుము నడుము దాటింది. వంగి లోపలికి దూరాను. ఉక్క, దోమలు. అడుగున తుంగ పాలిపోయి, సన్నగా. పూతకర్ర ఎక్కడా లేదు. నీడంటే ఇంత భయమా దీనికి? జనుము పల్చగా మొలిచిన చోట మాత్రం దర్జాగా ఉంది.

జూలై 29
జనుముని కలియదున్నేశాం. పీచు తేలక ముందే. బాబాయి గట్టు మీద నిలబడి చూశాడు. ఏమీ అనలేదు.

ఆగస్టు 24
మిరప నారు వేశాం. చినుకు పడుతూనే ఉంది. తుంగ గురించి ఆలోచించడానికే తీరిక లేదు.

సెప్టెంబరు 13
తొలి కలుపు. పోయినేడు సాయంత్రానికి కూడా తేలని పడమటి ముక్క ఈసారి మధ్యాహ్నం సద్దికే దాటేశారు. ముఠా మేస్త్రమ్మ "మందేం కొట్టావమ్మా?" అంది. చెబితే నమ్మలేదు.
తుంగ పోలేదు. తగ్గింది, అంతే. గట్టు వెంట మూరెడు వెడల్పున చెక్కుచెదరలేదు, అక్కడ నాగలీ పోలేదు, జనుమూ పడలేదు. వచ్చే వేసవిలో గట్టువార పారతో తవ్వించాలి. మేస్త్రమ్మకి కూలి డబ్బులు సోమవారం ఇవ్వాలి.