జాలీ గోడల చల్లదనం

హైదరాబాదులో హైటెక్ సిటీ దాపున గుండ్రని భవనం ఒకటున్నది. సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటరని పేరు. 2004లో అబ్దుల్ కలాంగారు ప్రారంభించారు. నడుమ మన మండువాలోగిలి వంటి ముంగిలి, వెలుతురును వడగట్టే జాలీ గోడలు, కప్పుమీద పచ్చిక. మిట్టమధ్యాహ్నం లోపల అడుగుపెట్టగానే నాకు ప్రాణం లేచివచ్చింది.

గోడలు, కప్పు, కిటికీల గుండా ఇంట్లోకి వేడి ఎంతవరకు చొరబడవచ్చునో 2018 నాటి ఎకో నివాస్ సంహిత హద్దు పెట్టింది. సంతోషమే! కాని, ఆ గోడకోసం సున్నపురాయిని కాల్చి సిమెంటు చేసేటప్పుడే వెలువడే బొగ్గుపులుసు వాయువు మాటేమిటి? గృహప్రవేశానికి ముందే ఆకాశానికి పడ్డ బాకీ అది. ఏ కరెంటు బిల్లులోనూ కనబడదు. ఫ్లాటు కొనేముందు వాస్తుతోపాటు, సిమెంటులో థర్మల్ కేంద్రాల బూడిద ఎంత కలిపారో కూడా అడగవద్దూ?