నంజు

ఏ పనికైనను శాస్త్రమను పేరు పెట్టినంతనే దానియెడల మనకు గౌరవము కలుగును. నాలుగక్షరములు నేర్చినవారి బలహీనత యిది. మాకును ఆ బలహీనత కలదు. అది యొకనాటి సాయంకాలము మమ్మెంతదూరము తీసికొనిపోయెనో చెప్పుటకే యీ మాటలు వ్రాయుచున్నాము.

మొన్నటి సంక్రాంతికి మా మేనల్లుడు అమెరికానుండి వట్లూరు వచ్చెను. ప్రొద్దుగ్రుంకువేళ మా డాబామీద చాప పరపించి రెండు వస్తువులు మా యెదుట నుంచెను. ఒకటి నల్లని సీసా. రెండవది జేనెడు పొడవుగల చుట్ట. వాడు దానిని చుట్ట యనలేదు, సిగారనెను. సీసాలోనిది బీరు, అయినను సినిమాలలో కనబడు పసుపువన్నె బీరు వంటిది గాదు. గ్లాసులోనికి వంచగా కాఫీడికాషనువలె నల్లగ దిగెను; దానిమీద గోధుమవన్నె నురుగు మీగడవలె నిలిచెను. "దేనికి ఏది జతో తెలియడమే అసలు విద్య, మామయ్యా" అని వాడు పాఠము మొదలుపెట్టెను.

పాఠము బాగుగనే యుండెను. యవలను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, అందు కొంత భాగమును కాఫీగింజలవలె నల్లనగునట్లు వేయింతురట. 1817లో డేనియల్ వీలర్ అను ఆంగ్లేయుడు అట్లు వేయించు పీపాయంత్రమునకు హక్కుపత్రము పొందెను. బీరునకు ఆ కారునలుపు సులభముగ నబ్బుట అప్పటినుండియే. సిగారాకును కూడ కుప్పలువేసి మాగబెట్టుదురు. మాగినకొలది ఆకు నల్లబడి తియ్యని వాసన పట్టును. వేగిన గింజకును మాగిన ఆకునకును గంధమున పోలిక కలదు గనుక ఆ రెండును ఒకదానినొకటి మెచ్చుకొనును. ఘాటైన సిగారునకు ఘాటైన బీరును, మెత్తనిదానికి మెత్తనిదానిని జతపరుపవలెను. లేనిచో నొకటి రెండవదాని నణచివేయును. పొగవలన నాలుకపై నిలిచిన చేదును బీరు కడిగివేయును. గింజలోని తీపు పొగాకు కారమును చల్లార్చును. పొగను రొమ్ములోనికి పీల్చరాదు, నోటనుంచి విడువవలెను. పరగడుపున కాల్చరాదు, తల తిరుగును. తొందర పనికిరాదు, పెద్ద సిగారు గంటసేపు నిలుచును.

విధినిషేధములతోగూడిన యీ శాస్త్రమును విని మేము మిక్కిలి సంతసించితిమి. మా వంతు పాండిత్యమును ప్రదర్శింపకుండ నుండలేకపోతిమి. చరకసంహితలో ధూమపానమునకు విధి కలదనియు, దానికి ఎనిమిది కాలములు చెప్పబడినవనియు, అది మూలికలతో జేసిన వర్తియేగాని పొగాకు కాదనియు, పొగాకు పోర్చుగీసువారితో మన దేశమునకు వచ్చినదనియు చెప్పితిమి. మద్యముతో నమలుదానికి సంస్కృతమున ఉపదంశమను పేరు గలదంటిమి. ఆ శబ్దమే వైద్యగ్రంథములలో నొక గుహ్యరోగమునకు పేరను సంగతి జ్ఞప్తికి వచ్చినను దానిని మింగితిమి. తెలుగున నంజుకొనుట యందుము. నంజు అనగా విషమను నర్థమును కలదు. దానిని కూడ మింగితిమి. పిమ్మట నాలుగు గ్రుక్కల బీరును, రెండు పీల్పుల పొగను మేమును పుచ్చుకొంటిమి. రుచిగ లేదనుట అసత్యమగును. రుచిగనే యుండెను.

సీసామీద పోర్టర్ అని వ్రాసియుండెను. ఆ పేరెట్లు వచ్చెనని మేనల్లునడిగితిమి. పదునెనిమిదవ శతాబ్దమున లండను వీథులలో బరువులు మోయు కూలీలు త్రాగిన బీరగుటచే ఆ పేరు వచ్చెనని చెప్పెను. చుట్ట సంగతియు నిట్టిదే. ఇంగ్లీషువారి చెరూటు అను మాట తమిళుల చురుట్టునుండి పుట్టినది. మన చుట్టవలెనే దానికిని చుట్టబడినదని యర్థము. గోదావరి లంకలలో పండు పొగాకు చుట్టలు లండనుదాక పోయినవి. 1890లో కానన్ డాయిల్ ప్రకటించిన 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో హంతకుని పట్టుకొనుటకు చుట్టబూడిద యెట్లు సహాయపడునో చెప్పు ఘట్టమున లంకచుట్ట పేరు వచ్చును. అనగా మా డాబామీద రసికుల వినోదముగ వెలసిన రెండింటి వంశమును కష్టజీవుల యింట మొదలైనదే.

అప్పుడు దక్షిణముగ చూచితిమి. కొల్లేటివైపు పొలముగట్లమీద తాటిచెట్లు వరుసగ నిలిచియుండెను. ఒకదానికి కుండ వ్రేలాడుచుండెను. ఈ విద్య మన యూరికి క్రొత్తగాదని అప్పటికి తోచెను. గీతగాడు రెండుపూటలను మోకుతో చెట్టెక్కి, గెలను పలుచగ చెక్కి, కుండ తగిలించును. కుండ లోపల సున్నము పూసినచో పులియని నీరా దిగును. పూయనిచో గాలిలోను కుండలోను నుండు సూక్ష్మజీవులు కొన్ని గంటలలోనే తీపును మద్యముగ మార్చివేయును. ఉదయపు కల్లు తీపు, సాయంకాలపు కల్లు పులుపు. మా తాతగారి పాలేరు తీపుకల్లుతో చుట్ట ముట్టించెడివాడు కాడు. పులిసినదానితోనే లంకచుట్ట కాల్చెడివాడు. నడుమ ఎండురొయ్యలు నంజుకొనెడివాడు. ఘాటునకు ఘాటు జతయని వానికెవరు చెప్పిరి? వాని విద్యకు మన మెన్నడును శాస్త్రమను పేరు పెట్టలేదు, దుర్వ్యసనమంటిమి.

ఇక్కడ మా తప్పొకటి చెప్పవలసియున్నది. ఇరువది రెండేండ్ల క్రిందట, ఉద్యోగమున క్రొత్తగ చేరిన దినములలో, మేము మద్యపానమునుగూర్చి పిల్లలకు మహోత్సాహముతో నుపన్యసించుచుంటిమి. 1937లో రాజాజీ సేలముజిల్లాలో ప్రారంభించిన మద్యనిషేధము, 1954లో ఆ నిషేధపు తగవుమీదనే ఒక్క వోటుతో పడిపోయిన ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము, 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చిన స్త్రీలు సారాయిపై సాగించిన పోరాటము, 1995లో వచ్చి 1997లో తొలగిన సంపూర్ణనిషేధము, ఇవన్నియు మాకు కంఠస్థములు. ఒక మాఘమాసపు ఉదయమున ఏడవతరగతిలో నీ యుపన్యాసము సాగుచుండగా, ముందువరుసలోని యొక బాలుని చొక్కానుండి కల్లువాసన వచ్చెను. వానిని లేపి నిలువబెట్టితిమి. ఇంటి త్రాగుబోతుతనము బడిదాక నెట్లు వచ్చునో చూడుడని తరగతికెల్ల చూపితిమి. పిల్లలు నవ్విరి. బాలుడు తలవంచుకొని, "మా నాన్న తాగడండి. గీస్తాడంతే. పొద్దున్నే కుండలు నేను మోస్తానండి" అనెను. కూర్చుండుమంటిమి. అంతకుమించి యొక మాటయైనను వాని కనలేదు. మరునాడు వాడు రాలేదు. ఆ వారమంతయు రాలేదు. హాజరుపట్టీలో వాని పేరునకెదురుగ ఎఱ్ఱసిరా గుర్తులు వేయుచు పోయితిమి. వాని యిల్లు బడికి అరమైలు. మేమా అరమైలు నడువలేదు.

ఆ నోరే మొన్న డాబామీద మూగపోయెను. కుండలు మోసి చొక్కాకు వాసన పట్టించుకొన్న పిల్లవానికి చెప్పిన ధర్మమును, చేత సీసా పట్టిన మేనల్లునకు చెప్పలేకపోతిమి. సీసా వెలగలదియని వెనుదీసితిమా? పాఠము శాస్త్రఫక్కిని సాగెనని లొంగితిమా? సంఘసంస్కారులమని చెప్పుకొను మనయింట రెండు కుంచములున్నవి. బీదవాని తప్పును పెద్ద కుంచముతోను, మనవాని తప్పును చిన్న కుంచముతోను కొలుచుచుందుము.

శరీరము మాత్రము ఒకే కుంచముతో కొలుచును. మా అమ్మమ్మ అడ్డపొగ త్రాగెడిది. మండుకొనను నోటిలోపల నుంచుకొని చుట్ట కాల్చుటకు అడ్డపొగయని పేరు. గాలికిని నీటితుంపరలకును చుట్ట ఆరకుండ పడవలవారు పట్టిన అలవాటని చెప్పుదురు. ఉత్తరకోస్తా స్త్రీలలో నది మిక్కిలి వ్యాపించినది. మా పదవయేట ఆమె అంగిలిమీద తెల్లని మచ్చ కనబడెను. తరువాత పుండయ్యెను. ఇంటివారు నోటిపూత యనుకొని తేనె పూసిరి. కడపటి దినములలో ఆమె గంజియు మింగలేకపోయెను. ఏడాది తిరుగకుండ పోయినది. అడ్డపొగవలన అంగిలికి కాన్సరు వచ్చునని 1957లోనే, మేము పుట్టుటకు చాల ముందే, వైద్యులు ప్రకటించియుండిరి. ఆ మాట మా యింటికి చేరలేదు.

సిగారుపొగను లోపలికి పీల్చకపోయినను నోరు దానిని భరింపక తప్పదు. అందలి నికొటిను నోటిపొరనుండియే రక్తమున కలియును. మద్యము ఆ పొరను మెత్తపరచి పొగలోని విషములకు దారి తీయును. 1988లో అమెరికాలో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, దినమునకు రెండు పెట్టెలకు తగ్గక సిగరెట్లు కాల్చుచు నాలుగు పానములకు మించి త్రాగువారికి నోటి కాన్సరు, గొంతు కాన్సరు ముప్పు, రెండును లేనివారికంటె ముప్పదియైదు రెట్లకు మించెనని తేలినది. ఒక్కొక్క అలవాటు వేరుగ తెచ్చు కీడునుబట్టి చూచిన నీ సంఖ్య రాదు. మా మేనల్లుని శాస్త్రమున రుచికి రుచి కూడును. వైద్యుని లెక్కలో కీడును కీడు గుణించును. కూడికకును గుణకారమునకును గల భేదము మూడవతరగతి పిల్లలకు చెప్పు పాఠమే.

మరునాటి యుదయమున ఈ సంగతులన్నియు మేనల్లునకు చెప్పితిమి. వాడు విని, "నేను నెలకొకటేగా మామయ్యా. ఆ లెక్క రోజూ పెట్టెలకు పెట్టెలు తగలేసేవాళ్లది" అనెను. అదియు నిజమే, మితమునకును అతికిని భేదము లేదని మేమనలేదు. కొంచెమైనంతమాత్రమున నిరపాయము కాదని మాత్రమంటిమి. కొంతసేపటికి వాడు, "తాతమ్మ ఎలా పోయిందో అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. ఈ మాటలు రాత్రే అనవలసింది మీరు" అనెను. మా వద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. వాడు మానెదనని ప్రమాణము చేయలేదు. మేమును అడుగలేదు.

చదువరులారా, మద్యమును మానుడని చెప్పుట తప్పుకాదు, చెప్పవలసినదే. అయినను ఇంటికి వచ్చిన చుట్టమునకు చెప్పలేని మాటను కల్లుపాకవద్ద చెప్పుటకు మనకధికారము లేదు. మొదట మన డాబామీద చెప్పి, తరువాత గట్టుమీదికి పోవలెను. పోయినప్పుడు కూడ త్రాగువాడెవడో, గీయువాడెవడో, మోయువాడెవడో విచారించి మరి నోరు తెఱవవలెను.

ఆ సాయంకాలమే మేము ఆ అరమైలు నడిచితిమి. గీతగాడు వృద్ధుడై, చెట్టెక్కుట మానుకొని, అరుగుమీద కూర్చుండియుండెను. లేచి, "రండి మాస్టారూ" అని కుర్చీ తెప్పించెను. కుమారుని సంగతి యడిగితిమి. తాడేపల్లిగూడెమున తాపీపని చేయుచున్నాడట. ఇద్దరు పిల్లలు బడికి పోవుచున్నారట. "వాడికి చదువు అబ్బలేదండి. ఏడో తరగతిలో వెళ్లనని మొండికేశాడు. ఎందుకో ఎంతడిగినా చెప్పలేదు" అని వృద్ధుడనెను.

ఎందుకో మేము చెప్పితిమి. జరిగినది జరిగినట్లు, ఒక్క ముక్కయు దాచక చెప్పితిమి. వృద్ధుడు చాలసేపు తాటిచెట్లవైపు చూచుచుండెను. మీద కోపపడినను మేలనిపించినది. కడకు, "వాడొచ్చినప్పుడు మీరే చెప్పండి మాస్టారూ. నేను చెబితే బాగుండదు" అని, లోపలికిపోయి తేగల కట్ట యొకటి తెచ్చి మా చేతిలో పెట్టెను. ఉగాదికి వాడు వచ్చునట. అప్పుడు మరల పోవలసియున్నది.

తేగలను ఇంటికి తెచ్చి, కాల్పించి, మేమును మేనల్లుడును డాబామీదనే కూర్చుండి తింటిమి. వానితో నంజుకొనుటకు ఏమియు అక్కరలేకపోయెను.