ఒంటిచేతి చాకు

చాలా నెలల తరువాత ఇక్కడ వ్రాయడానికి కూర్చున్నాను, అదీ ఒక చాకు గురించి. ఇంత చిన్న వస్తువుకు ఇంత పెద్ద టపా ఏమిటని మీకు అనిపిస్తే తప్పు పట్టను. కానీ ఆ చాకుతో నేనొక వేసవి అంతా కుస్తీ పట్టాను. చివరకు గెలిచినది నేను కాదు. అందుకని చెప్పుకోవాలనిపిస్తోంది.

2014లో ఆఫీసు పని మీద ఫ్రాన్సులోని లియాన్ నగరంలో రెండు నెలలు ఉన్నాను. తిరుగు ప్రయాణం దగ్గర పడేసరికి నాన్నగారికి ఏమి తీసుకువెళ్ళాలో పాలుపోలేదు. ఆయన సెంటు పూసుకోరు, చాక్లెట్లు ముట్టరు, చొక్కా కొంటే "ఉన్నవి చాలవట్రా" అంటారు. ఆఖరికి ఒక ఇనుపసామాను దుకాణంలో ఒపినెల్ చాకు కంటబడింది. గుండ్రటి కర్రపిడి, అందులోకి మడుచుకునే ఒకే ఒక్క అలుగు, పిడి మెడకు ఒక ఉక్కు కట్టు. అంతే. ఆల్ప్స్ పర్వతాల ఒడిలోని సవోయ్ ప్రాంతంలో పనిముట్లు చేసేవారి ఇంట పుట్టిన జోసెఫ్ ఒపినెల్ అనే యువకుడు 1890లో దీనికి రూపమిచ్చాడు. రైతులు జేబులో వేసుకుని, రొట్టె కోయడానికీ, కొమ్మ చెక్కడానికీ వాడుకునే చాకు. పరిమాణాన్ని బట్టి వీటికి అంకెలుంటాయి. నేను కొన్నది ఎనిమిదో నంబరు, అలుగు పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు.

నాన్నగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీని మీద కిరీటం పెట్టుకున్న చెయ్యి ఉందేమిట్రా?" అన్నారు. అది ఆ కంపెనీ ముద్ర. దగ్గరలోని సెయింట్ జాన్ ద మోరియెన్ పట్టణపు చిహ్నంలో దీవిస్తున్న హస్తం ఉంటుంది. దానికి సవోయ్ ప్రభువుల కిరీటాన్ని చేర్చి 1909 నుంచీ అలుగుల మీద కొడుతున్నారు. ఈ సంగతంతా చెప్పాను. ఆయన విన్నారో లేదో తెలియదు. అప్పటికే పెరట్లోకి నడిచి, అరటి పిలక మొదట్లో ఎండుటాకు కోసి చూస్తున్నారు.

ఆ తరువాత నాలుగేళ్ళు ఆ చాకు ఆయన చొక్కా జేబు దిగలేదు. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయను చెట్టు కిందే చెక్కు తీసి, పలుచగా కోసి, ఉప్పు అద్ది, దారిన పోయేవారిని పిలిచి మరీ పెట్టేవారు. ఆవకాయ రోజున అయితే ఆయనకొక శాశ్వతమైన ఉద్యోగం ఉండేది. కాయలు ముక్కలు కొట్టడం అయ్యాక, ఒక్కొక్క ముక్కలోంచీ చాకు మొనతో జీడి తీసి, టెంక లోపలి పొర గీకి, గుడ్డతో తుడిచి అమ్మకు అందించడం. ఆ పని మరెవరు చేసినా ఆయనకు నచ్చేది కాదు.

2018 ఆగస్టులో ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. ఆరు నెలలకు కర్ర ఊతంతో నడక వచ్చింది గానీ ఎడమ చేయి రాలేదు. ఒక వస్తువు మీద బరువుగా ఒత్తి ఉంచగలదు. పట్టుకోలేదు. స్పర్శ కూడా లేదు.

మరుసటి మే నెలలో ఊరికి వెళ్ళినప్పుడు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, బియ్యం డబ్బాలోంచి ఆ చాకు తీసి చూపించింది. "దాచేశానురా. పళ్ళతో తెరుస్తున్నారు. ఎప్పుడో మూతి కోసుకుంటారు. ఏం కావాలన్నా నేను కోసిపెడతానంటే వినరు," అంది. అరుగు మీద కుర్చీలో నాన్నగారు ఈ మాటలు వినబడనట్టు వీధి వైపు చూస్తున్నారు. ఆయనకు కావలసినది మామిడి ముక్క కాదని నాకు అర్థమైంది. కత్తిపీట ముందు కూర్చుందామంటే ఆయనకు నేల మీద కూర్చోవడం కుదరదు.

మడత చాకు రెండు చేతుల వస్తువు. మనం గమనించం గానీ, ఒక చేయి పిడి పట్టుకుంటే, రెండో చేతి బొటనవేలి గోరు అలుగు మీది సన్నని గాడిలో దూరి లాగుతుంది. ఒపినెల్‌కు అంతకు ముందే మరో పని ఉంది. ఆ మెడకట్టును తిప్పి గాడికి ఎదురుగా తేవాలి. తెరిచిన అలుగు వేళ్ళ మీదికి మడుచుకోకుండా బిగించే ఈ కట్టు 1955లో వచ్చి చేరింది. 2000 తరువాత చేసినవాటిలో మూసిన అలుగునూ ఇదే బంధిస్తుంది.

ఇంజనీరునన్న అహంకారం ఒకటి ఉంది కదా, పుస్తకం ముందేసుకుని బొమ్మలు గీశాను. ఒంటిచేతి చాకు కొత్త ఊహేమీ కాదు. 1797లో టెనెరీఫ్ యుద్ధంలో కుడి చేయి కోల్పోయిన ఇంగ్లీషు నౌకాధిపతి నెల్సన్, కత్తీ ఫోర్కూ కలిసిన ఒకే పనిముట్టుతో భోజనం చేసేవాడట. అమెరికాలో స్పైడర్కో వారు 1981లో అలుగుకు గుండ్రటి రంధ్రం పెట్టారు. బొటనవేలి కండ ఆ రంధ్రంలో దిగి అలుగును తోసేస్తుంది. స్విట్జర్లాండు సైన్యం సైతం 2008లో తన కొత్త చాకుకు అటువంటి రంధ్రం ఉన్న అలుగునే ఎంచుకుంది. దుకాణంలో అటువంటిదొకటి కొని ఇస్తే పోయేదేగా అంటారు మీరు. నేనూ అన్నాను. "నాకు చాకుంది కదరా," అన్నారు నాన్నగారు.

సరే, దీనికే రంధ్రం పెట్టిద్దామని పక్క టౌనులోని లేత్ షాపుకు తీసుకువెళ్ళాను. ఆయన డ్రిల్లింగు మిషను కింద అలుగు బిగించి, ఒక బిట్టు అరగదీసి, రెండోది విరగ్గొట్టుకుని, "ఇది లొంగదండీ. కాల్చి ముంచి గట్టి చేసిన ఉక్కండీ. మళ్ళీ కాలిస్తే రంధ్రం పడుద్ది గానీ పదును పోద్దండీ," అన్నాడు. అలుగు మీద కిరీటపు చేయి పక్కన ఒక చిన్న గుంట మాత్రం మిగిలింది. బిట్ల డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

తరువాతి ప్రయత్నం జిగురు. ఒక ఇత్తడి గుబ్బను అలుగు పక్కన, గాడికి కాస్త పైగా, రెండు గొట్టాలు కలిపి వాడే జిగురుతో అతికించాను. బొటనవేలితో ఆ గుబ్బను తోస్తే అలుగు చక్కగా లేచింది. నాలుగు రోజులు మా ఇంట్లో పండుగ. అయిదో రోజున ఆవకాయ. నాన్నగారు ముక్కను ఎడమ మణికట్టు కింద పీట మీద ఒత్తిపెట్టి, కుడి చేత్తో జీడి తీస్తున్నారు. నెమ్మదిగా, పది ముక్కలకు ఒక విరామంతో. మధ్యాహ్నానికి గుబ్బ కనిపించలేదు. ఆవపిండీ కారమూ కలిపేశాక అమ్మ గరిటెకు తగిలింది. ఆ ఏడాది ఆవకాయను మా చెల్లెలు ఇత్తడావకాయ అనే పిలిచింది.

ఇక మూడోది, నేను గర్వపడిన ఉపాయం. తేమకు కర్ర ఉబ్బి అలుగు ఇరుక్కుపోవడం ఈ చాకులకున్న పాత జబ్బు. గోదావరి కాలువల మధ్య ఉన్న మా ఊళ్ళో మరీను. సవోయ్‌లో దానికొక నాటు వైద్యం ఉంది. కట్టు తెరిచి, పిడి వెనుక కొసను గట్టి చోట టక్కున కొడితే అలుగు తనంతట తానే కొంచెం బయటికి వస్తుంది. ఆ కొట్టడానికి ఒక్క చేయి చాలు! కాబట్టి ఇరుకు తగ్గిస్తే, ఒక దెబ్బతో అలుగు లేస్తుంది, మిగిలిన దూరం బొటనవేలు చూసుకుంటుంది. మెడకట్టు ఊడదీసి, గరుకు కాగితాన్ని అట్టముక్కకు చుట్టి పిడిలోని గాడి లోపల రెండు పక్కలా రుద్దాను. ఎండలో ఆరబెట్టి, కొవ్వొత్తి కరిగించి ఆ మైనాన్ని కర్రకు పట్టించాను. బొటనవేలు ఆనేందుకు పిడి అంచును ఆకురాయితో కాస్త వాలుగా అరగదీశాను. కట్టు కూడా మరీ బిగువుగా ఉంటే దాని చీలికను పటకారుతో వెంట్రుకవాసి విప్పాను.

నాన్నగారు అరుగు అంచుకు కొట్టారు. అలుగు లేచింది. బొటనవేలితో తోశారు, కట్టు తిప్పారు. నా వైపు చూసి ఏమీ అనలేదు. మళ్ళీ మూసి మళ్ళీ తెరిచారు, ఆరేడుసార్లు. నేను ఫోనులో వీడియో తీసుకుని హైదరాబాదు తిరిగి వచ్చేశాను.

జూన్ మూడో వారంలో అమ్మ ఫోను. ముందు గొంతు పెగలలేదు. "పంచె మీద నెత్తురు చూసి నేనే అరిచానురా. ఆయనకు తెలియనే తెలియదు," అంది. జరిగినదేమిటంటే, మూద్దామని కట్టు తిప్పగానే, నేను అంత శ్రద్ధగా వదులు చేసిన అలుగు తన బరువుకు తానే వాలి, ఒడిలో పడి ఉన్న ఎడమ చేతి వేళ్ళ మీద పడింది. ఆయన ఏదో చిక్కుకుందని మరి కాస్త నొక్కారు. నాలుగు కుట్లు పడ్డాయి.

తెరవడం గురించి ఒక వేసవి అంతా ఆలోచించాను. మూయడం గురించి ఒక్క పూట ఆలోచించలేదు. వేళ్ళు అలుగు దారిలోకి వచ్చేది మూసేటప్పుడే. నొప్పి తెలిసే చేయి చివాల్న వెనక్కు తీసుకుంటుంది. తెలియని చేయి అక్కడే ఉంటుంది. ఇది చాకు శాస్త్రం కాదు, ఆ చేతిని రోజూ చూస్తూ కూడా నేను చూడకపోవడం. "ఆ చాకు పారేయించమ్మా," అన్నాను. "నువ్వే చెప్పుకో మీ నాన్నకి," అని ఫోను పెట్టేసింది.

చెప్పే ధైర్యం చాలలేదు. దసరాకు వెళ్ళేవరకూ ఆ ఊసెత్తలేదు.

వెళ్ళేసరికి నాన్నగారు అరుగు మీద కుర్చీని ఒక మూర పక్కకు, స్తంభం దగ్గరికి జరిపించుకుని ఉన్నారు. మా తాతగారి నాటి టేకు స్తంభం. ఎండకూ వానకూ నిలువునా ఒక చీలిక పడి ఉండేది. ఆయన భుజం ఎత్తున ఆ చీలికను ఇంకాస్త చెక్కినట్టు కనిపించింది. "చూడు," అని జేబులోంచి చాకు తీశారు. మూసి ఉన్నప్పుడు కూడా ఒపినెల్ అలుగు వీపు పిడిలోంచి కొంచెం పైకి వచ్చి ఉంటుంది. బొటనవేలితో కట్టు తిప్పి, ఆ వీపును చీలికలో దూర్చి, మణికట్టు రవ్వంత మెలిపెట్టారు. చీలిక అలుగును కరచి పట్టుకుంది. పిడిని కిందికి లాగారు. చాకు తెరుచుకుంది! మూసేటప్పుడు అలుగు వీపును స్తంభానికి ఆనించి పిడిని ముందుకు తోశారు. వేళ్ళన్నీ పిడి వెనుకే ఉన్నాయి. ఎడమ చేయి కుర్చీకి అవతల పక్క, ఆమడ దూరంలో ఉంది. వానలకు కర్ర మళ్ళీ ఉబ్బి అలుగు బిగుసుకుంది కాబట్టి, వాలి మీద పడే ప్రమాదమూ లేదు.

"ఈ ఆలోచన మీకెలా వచ్చింది నాన్నగారూ?" అన్నాను.

"మీ అమ్మ కత్తిపీట చూశావుగా. కత్తి కదులుతుందా? కాయే కదులుతుంది. నువ్వు అస్తమానం కత్తిని కదిలించడానికే చూశావు," అన్నారు.

నేను అరగదీసిన పిడి అంచు ఇప్పుడు ఆయనకు అక్కరలేదు. గరుకు కాగితపు పని వానలో కొట్టుకుపోయింది. నా పనితనంలో మిగిలినదల్లా కట్టును వెంట్రుకవాసి వదులు చేయడం ఒక్కటే. అదీ, అలుగు మీది ఆ చిన్న గుంటా.

ఆ సాయంత్రం ఆయన లోపలికి వెళ్ళినప్పుడు, ఎడమ చేయి జేబులో పెట్టుకుని నేనూ ప్రయత్నించాను. అలుగు వీపు చీలికలో దూరింది. మెలిపెట్టి లాగాను. రాలేదు. మళ్ళీ లాగాను. స్తంభం పెళపెళమంది గానీ అలుగు కదలలేదు.

గుమ్మంలోంచి నాన్నగారి గొంతు వినిపించింది. "ముందు కట్టు తిప్పరా, ఇంజనీరూ."