పది డిగ్రీల జలసంధికి ఆవల – కార్ నికోబార్‌లో పదకొండు రోజులు

ఉద్యోగరీత్యా మన దేశపు నలుమూలలూ చూసే భాగ్యం మాకు కలిగింది. బొగ్గు గనుల పక్క విద్యుత్ కేంద్రాలు, ఎడారిలోని సబ్‌స్టేషన్లు, హిమాలయాల ఒడిలోని జలవిద్యుత్ ప్రాజెక్టులు అన్నీ చూశాము. అయినా ఇంట్లో పిల్లలు "ఎక్కడ ఎక్కువ నేర్చుకున్నారు?" అని అడిగితే మేము చెప్పే సమాధానం ఒకటే. అది కార్ నికోబార్.

2010 డిసెంబరులో ఆ ద్వీపంలోని పునరావాస గ్రామాలకు విద్యుత్ లైన్ల ఏర్పాటును పరిశీలించే నిమిత్తం మేము ముగ్గురం బయలుదేరాము. మాతో ఒక జూనియర్ ఇంజనీరు, ఒక సీనియర్ ఫోర్‌మన్ గారు ఉన్నారు. నికోబార్ దీవులు 1956 నాటి ఆదిమ తెగల పరిరక్షణ నిబంధనల క్రింద రక్షిత ప్రాంతం. విహారయాత్రికులకు అక్కడ ప్రవేశం లేదు. ప్రభుత్వ పని మీద వెళ్ళేవారికి సైతం అనుమతి పత్రం తప్పనిసరి. ఆ పత్రం చేతబట్టుకుని, నేడు శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఓడ ఎక్కాము. ఆ రేవులో కూలీలు, దుకాణదారులు, జాలరులు ఎందరో తెలుగులో పలకరించారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వలస వచ్చినవారు అక్కడ ఎంతోమంది ఉన్నారు.

అండమాన్, నికోబార్ దీవుల సముదాయాలను వేరుచేసే పది డిగ్రీల జలసంధిని రాత్రివేళ దాటాము. అక్కడ సముద్రం ఎవరి హోదానూ గౌరవించదు. మాలో పూర్తిగా నిలబడి ఉన్నది ఫోర్‌మన్ గారొక్కరే. తెల్లవారేసరికి నీటి అంచున కొబ్బరి తోటల పచ్చని గీత కనిపించింది. దగ్గరకు వచ్చేకొద్దీ ఆ గీతకు ముందు, సముద్రంలోనే, తలలు లేని కొబ్బరి మొండేలు వందలుగా నిలిచి ఉండడం చూశాము. 2004 డిసెంబరు 26న ఉదయం 6 గంటల 29 నిమిషాలకు వచ్చిన భూకంపం, ఆ వెనుకనే వచ్చిన సునామీ మిగిల్చిన ఆనవాళ్లవి. ద్వీపం కొంతమేర క్రిందికి కుంగడంతో ఒకనాటి తోట సముద్రగర్భమయింది. ఇక్కడి వైమానిక స్థావరంలోనే నూరు మందికి పైగా ఉద్యోగులు, వారి కుటుంబసభ్యులు ప్రాణాలు కోల్పోయారు. తీరం వెంబడి ఉన్న నికోబారీ గ్రామాలు దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయి. జనాభా లెక్కల్లో 2001లో 42,068గా ఉన్న నికోబార్ జిల్లా జనసంఖ్య 2011 నాటికి 36,842కు తగ్గింది.

కార్ నికోబార్ విస్తీర్ణం సుమారు 127 చదరపు కిలోమీటర్లు. కొండలు లేని చదునైన నేల. ముస్, మలక్కా, పెర్కా, సవాయి మొదలైన గ్రామాలు, ప్రతి గ్రామానికీ ఒక కెప్టెన్. పూర్వం వచ్చే ఓడలతో వ్యవహరించిన పెద్దలకు వచ్చిన ఆ బిరుదు ఇప్పటికీ నిలిచింది. గ్రామాన్ని మించి ఇక్కడ ముఖ్యమైనది "తుహెత్" అనే ఉమ్మడి కుటుంబం. నేల, కొబ్బరి తోట, పందులు, విందు, దుఃఖం అన్నీ తుహెత్‌వే. ఒక మనిషిని "నీది ఏ ఇల్లు?" అని కాక "నీది ఏ తుహెత్?" అని అడగాలని మాకు మొదటిరోజే బోధపడింది.

ముస్ గ్రామంలో ఒక ఆదివారం గంట మ్రోగితే ఊరు ఊరంతా చర్చికి కదలడం చూసి మేము ఆశ్చర్యపోయాము. నికోబార్ జిల్లా జనాభాలో సుమారు పదింట ఏడు వంతుల మంది క్రైస్తవులు. ఇది ఎట్లా జరిగింది? ఇంజనీరుకు సహజమైన కుతూహలంతో ఆ చరిత్ర తెలుసుకునే ప్రయత్నం చేశాము.

తొలి ప్రయత్నాలు విఫలమయ్యాయి. 18వ శతాబ్దంలో డెన్మార్క్ ఈ దీవులు తమవేనని ప్రకటించింది. తమిళ తీరంలోని తరంగంబాడి నుండి 1768లో మొరేవియన్ మిషనరీలు నాన్‌కౌరీ ద్వీపానికి వచ్చి, 1787 వరకు అక్కడ నిలిచారు. ఆ పంతొమ్మిదేళ్లలో జ్వరాలకు ఒకరి తరువాత ఒకరు బలి అయ్యారు. స్థానిక భాష పూర్తిగా పట్టుబడలేదు, బోధ ఫలించలేదు. చివరికి మిగిలినవారు వెనుదిరిగారు. ధైర్యానికి, త్యాగానికి వారిలో లోటు లేదు. కానీ పునాది నేలకు తగినది కాకపోతే ఎంత మంచి సిమెంటు పోసినా గోడ నిలువదు కదా.

1869లో దీవులు బ్రిటిష్ వారి స్వాధీనమయ్యాయి. ఆ శతాబ్దపు చివరి దశకంలో వేదప్పన్ సాలమన్ అనే తమిళ ఉపదేశి ముస్ గ్రామానికి వచ్చారు. ఆయన ప్రభుత్వ ప్రతినిధి, రేవు అధికారి, వాతావరణ పరిశీలకుడు, పాఠశాల ఉపాధ్యాయుడు, మతబోధకుడు, అన్నీ తానే. రోజూ వర్షమాపకం చూసి లెక్క వ్రాసే మనిషి పిల్లలకు అక్షరాలు నేర్పుతూ, రోగులకు మందిస్తూ, ఆ ఊళ్లోనే జీవితం గడిపి 1909లో కన్నుమూశారు. ఆయన శిష్యులలో హా చెవ్ కా అనే ముస్ గ్రామపు బాలుడొకడు. చదువుకై బర్మాలోని మాండలేకు వెళ్లిన ఆ బాలుడే జాన్ రిచర్డ్‌సన్. 1912లో ఉపాధ్యాయుడిగా, ఉపదేశిగా స్వగ్రామం తిరిగి వచ్చాడు.

అసలు మలుపు అక్కడ ఉన్నదని మాకు తోచింది. బోధించేవాడు ఓడ దిగి రాలేదు, ఊరిలోనుంచే లేచాడు. రిచర్డ్‌సన్ నికోబారీ భాషకు రోమన్ లిపిలో చదువు నేర్పారు, లేఖనాలను ఆ భాషలోకి తెచ్చారు. 1969 నాటికి సంపూర్ణ బైబిలు కార్ నికోబారీలో వెలువడింది. పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పినదీ ఆయనేనని ఊరివారు గర్వంగా చెబుతారు. 1942 నుండి 1945 వరకు సాగిన జపాను ఆక్రమణలో గూఢచర్యం నేరం మోపి ఎందరో నికోబారీలను హతమార్చారు. రిచర్డ్‌సన్ కూడా చిత్రహింసలు అనుభవించి, మరణదండన అంచు వరకు వెళ్లి బయటపడ్డారు. ఆ కష్టకాలంలో తమతో ఉండి బాధపడినవాడి మాట మీద యుద్ధానంతరం ఊళ్లకు ఊళ్లు విశ్వాసంలోకి వచ్చాయి. ఆయన 1950లో సహాయ బిషప్ అయ్యారు. 1952లో తొలి లోక్‌సభకు అండమాన్ నికోబార్ తరఫున నామినేట్ అయ్యారు. 1965లో పద్మశ్రీ, 1975లో పద్మభూషణ్ అందుకుని 1978లో పరమపదించారు. నేటికీ అక్కడి ఆసుపత్రి ఆయన పేరనే ఉన్నది.

రాత్రుళ్లు అతిథి గృహపు వరండాలో ఈ విషయాలు మాట్లాడుకుంటూ ఉంటే ఫోర్‌మన్ గారు ఒకసారి నోరు విప్పారు. ఆయనది ఒంగోలు దగ్గరి పల్లె.

"మా ముత్తాత గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందినవాడండీ. క్లౌ దొర కాలువ పనిలో మట్టి మోశాడట" అన్నారు.

1876-78 నాటి కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడు మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలాది మందికి పని కల్పించారు. సర్వేయరుగా అనుభవమున్న మనిషి. పని ఇచ్చినంత కాలం బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆయన జాగ్రత్త. కరువు పని ముగిశాక, 1878 జూలై 3న వెలుంపిల్లి వద్ద ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. రిచర్డ్‌సన్ ముస్‌కు తిరిగివచ్చిన 1912లోనే, మన దోర్నకల్‌లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్ అయ్యారు. తూర్పు ఆఫ్రికాలోని మసాయి పశుపాలకుల మధ్య పనిచేసిన విన్సెంట్ డొనోవన్ అనే ఫాదరీ తన అనుభవాలను 1978లో గ్రంథస్థం చేశారు. బాగా నేర్చినవారినీ, వెనుకబడినవారినీ ఆయన వేరుచేయబోతే అక్కడి పెద్ద ఒకరు ఒప్పుకోలేదట. మేమందరం కలిసే విశ్వసించాము, కలిసే వస్తాము అన్నది ఆయన వాదం. మసాయి శిబిరం, నికోబారీ తుహెత్, ఒంగోలు పేట, మూడింటిలోనూ నిర్ణయం ఒక్కడిది కాదు, సమూహానిది.

ఇక మా పని సంగతి. ఒక గ్రామంలో ట్రాన్స్‌ఫార్మర్‌కు మేము గుర్తించిన చోటు చక్కని ఖాళీ స్థలం. లైనుకు దగ్గర, నీరు నిలవదు, చెట్లు అడ్డు లేవు. డ్రాయింగు చూపించి కెప్టెన్ గారికి హిందీలో వివరించాము. ఆయన కాదనలేదు, అవుననలేదు. చేతులు కట్టుకుని నేల చూస్తూ నిలబడ్డారు. ఒప్పుకున్నట్టే అనుకుని మేము మేకు పాతించబోయాము.

"సార్, ఒక్క నిమిషం ఆగండి" అన్నారు ఫోర్‌మన్ గారు. ఆయన వెళ్లి కెప్టెన్ గారి పక్కన నేల మీద కూర్చున్నారు. చాలాసేపటికి తిరిగి వచ్చి చెప్పారు. సునామీ తరువాత ప్రభుత్వం కుటుంబానికొక ఇల్లు చొప్పున కట్టి ఇచ్చింది. ఇళ్లు గట్టివే. కానీ తుహెత్ అంతా ఒకచోట వండి తినే చోటు ఏ ప్లానులోనూ లేదు. అందుకని వారే ఆ స్థలాన్ని విందుకు, దుఃఖానికి అని విడిచి ఉంచుకున్నారు. మాకు ఖాళీగా కనిపించినది వారికి ఊరి నడిబొడ్డు.

"మరి కాదని చెప్పవచ్చు కదా?" అన్నాము మేము, కొంచెం విసుగ్గానే.

"మా పేటలోంచి రోడ్డు వేసేటప్పుడు కూడా మమ్మల్ని ఎవరూ అడగలేదండి. కాగితం పట్టుకుని వచ్చినవాళ్లకు కాదని చెప్పడం మావాళ్లకూ అలవాటు లేదు" అన్నారాయన.

ట్రాన్స్‌ఫార్మర్‌ను నలభై మీటర్లు జరిపాము. అదనపు కేబులుకు కారణం చూపుతూ ప్రధాన కార్యాలయానికి వివరణ వ్రాసుకున్నాము. అది పెద్ద విషయం కాదు. కానీ ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ మనిషితో కలిసి పదకొండేళ్లు పనిచేశాము. ఆయన మా ఇంటి పెళ్లికి వచ్చారు, పందిరి దీపాలన్నీ తానే చూసుకున్నారు. ఆయన ఇంటి గుమ్మం మేము ఏనాడూ తొక్కలేదు. మేము పుట్టిన పశ్చిమ గోదావరి పల్లెలో కాలువకు అవతల పేట, ఆ పేటలో చర్చి ఉండేవి. క్రిస్మస్ రాత్రి ఆ పాటలు మా మేడ మీదికి వినిపించేవి. చిన్నతనంలో ఆ వంతెన దాటవద్దన్నారు, దాటలేదు. పెద్దయ్యాక వద్దనేవారు లేరు, అయినా దాటలేదు. సముద్రం మీద ఇంత దూరం వచ్చి చర్చిలో కూర్చున్న మాకు ఆ కాలువ ఎంత వెడల్పో అప్పుడు తెలిసింది.

2010 డిసెంబరు 26 కూడా, సునామీ వచ్చిన రోజువలెనే, ఆదివారం. చర్చిలో ఆరేళ్ల క్రితం పోయినవారిని తలచుకున్నారు. ఎవరూ బిగ్గరగా ఏడ్వలేదు. ఆ తరువాత నాలుగు శ్రుతులలో పాట ఎత్తుకున్నారు. భాష మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మా పక్కనున్న ఫోర్‌మన్ గారు మాత్రం రాగం గుర్తుపట్టి, మెల్లగా తెలుగులో గొంతు కలిపారు. ముందు వరుసలోని ముసలమ్మ వెనుదిరిగి చూసి, నవ్వి, ఆయనకు తన పక్కన చోటు చూపించింది. ఆయన మమ్మల్ని కూడా రమ్మన్నారు.

ఒక మాట వ్రాయక తప్పదు. బయటివారి రాక అన్ని దీవులకూ మేలు చేయలేదు. 2018 నవంబరులో చట్టాన్ని ఉల్లంఘించి ఉత్తర సెంటినెల్ ద్వీపానికి మతబోధకై వెళ్లిన అమెరికన్ యువకుడు అక్కడ ప్రాణాలు కోల్పోయాడు. తమ జోలికి రావద్దని చెప్పే హక్కు ఆ ద్వీపవాసులకు ఉన్నది. నికోబారీలలోనూ పాత ఆచారాలు కొన్ని మరుగున పడ్డాయని విచారించే పండితులు ఉన్నారు. ఆ తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. మేము చూసినంతలో, వారు తీసుకున్నదాన్ని తమ భాషలో, తమ తుహెత్‌లో ఇముడ్చుకున్నారు. మతమైనా, విద్యుత్తైనా, పక్కా ఇల్లైనా, అడిగి ఇచ్చినది నిలుస్తుంది.

తిరిగివచ్చాక సంక్రాంతి సెలవుల్లో సకుటుంబంగా ఒంగోలు వెళ్లాము. ఫోర్‌మన్ గారి తల్లి గారు గుమ్మంలో నిలబడి, "ఇన్నేళ్లకు దారి దొరికిందా నాయనా?" అన్నారు. జవాబు చెప్పలేక చెప్పులు విడిచి లోపలికి వెళ్లాము. ఆ పూట భోజనం అక్కడే.