మౌంటెన్ వ్యూలో పాత కంప్యూటరూ, మావాడి చెయ్యీ

అమెరికా వెళ్ళొచ్చిన వాళ్ళెవరైనా గోల్డెన్ గేట్ వంతెన గురించో, లివర్‌మోర్ శివ-విష్ణు ఆలయం గురించో చెబుతారు. అవి మేమూ చూశాం. కానీ ఇంటికొచ్చాక నేను ఎక్కువగా తలుచుకునేది మాత్రం మౌంటెన్ వ్యూ అనే ఊళ్ళో ఉన్న కంప్యూటర్ల మ్యూజియాన్ని. ఇంటర్‌తో చదువు ఆపేసిన ఈవిడకి కంప్యూటర్లతో ఏం పని అనుకుంటున్నారేమో, వెళ్ళేటప్పుడు నేనూ అలాగే అనుకున్నాను.

2023 జూన్‌లో నేనూ, మా అబ్బాయీ సన్నీవేల్‌లో మా చెల్లెలింటికి వెళ్ళాం. వాడికప్పుడు పదిహేనేళ్ళు. పుట్టుకతోనే కుడిచేతి వేళ్ళు ముడుచుకుని ఉంటాయి. రాతా, భోజనం అన్నీ ఎడమచేత్తోనే. చెల్లెలి పిల్లలిద్దరికీ స్కూలు సెలవులు, రోజంతా టీవీ ముందు ఆటలే. ఆ ఆడే కంట్రోలర్‌ని రెండు చేతులతో పట్టుకుని, రెండు బొటనవేళ్ళూ రెండు చూపుడువేళ్ళూ ఒకేసారి కదిలించాలి. "అన్నయ్యా, నువ్వూ ఆడు" అని చిన్నవాడు ఇవ్వబోతే నేనే అడ్డుపడి, "వాడు చూస్తాడులే, మీరాడుకోండి" అన్నాను. నలుగురిలో వాడు చిన్నబుచ్చుకోకూడదని అన్నాను సుమా! వాడేం మాట్లాడలేదు. సోఫా చివర కూర్చుని చూశాడు. వారం రోజులు అలాగే చూశాడు.

శనివారం మా మరిది, "వదినగారూ, ఈవేళ దూరం వద్దు, పక్కూరికే వెళ్దాం" అని కారు తీశాడు. పది నిమిషాల దారి. లోపలికి వెళ్తే పూసల చట్రాల నుంచి మొదలుపెట్టి బీరువాలంత కంప్యూటర్ల దాకా వరసగా పెట్టారు. చెక్కతో చేసిన మౌస్ కూడా ఉంది, సబ్బుపెట్టె అంత, పైన ఒకే ఒక్క మీట. 1972 నాటి పాంగ్ ఆట పెట్టె దగ్గర మరిది ఒక తమాషా చెప్పాడు. దాన్ని మొదట సన్నీవేల్‌లోనే ఒక బారులో పెట్టారట. కొన్నాళ్ళకి పాడైందని కబురొస్తే వెళ్ళి చూశారట, లోపల చిల్లర నిండిపోయి ఇరుక్కుందట! ఆ ఆటకి ఒక్కొక్కరికి ఒక్క గుండ్రటి పిడి, తిప్పడమే. మావాడు దాని దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

అసలు సంగతి పీడీపీ-1 గదిలో జరిగింది. నాలుగు ఫ్రిజ్‌లు పక్కపక్కన నిలబెట్టినట్టుంటుంది ఆ యంత్రం, దానికొక గుండ్రటి తెర. బాగుచేసి మళ్ళీ నడిచేలా చేశారు. మేం వెళ్ళింది దాన్ని ఆడించి చూపించే రోజు. పెద్దవయసు వాలంటీరు ఒకాయన ఓపిగ్గా చెబుతుంటే చెల్లెలు నాకు తెలుగులో చెప్పింది.

1962లో ఎంఐటీ కుర్రాళ్ళు ఈ రకం యంత్రం మీద స్పేస్‌వార్ అనే ఆట చేశారు. తెర మీద రెండు ఓడలు, మధ్యలో వాటిని లాగేసుకునే నక్షత్రం, ఇద్దరూ ఒకరినొకరు కాల్చుకోవాలి. మొదట్లో యంత్రం ముఖాన ఉన్న చిన్న చిన్న స్విచ్చులతోనే ఆడేవాళ్ళు. కాసేపటికి మోచేతులు లాగేసేవట. పైగా ఒకడికి తెర సరిగా కనబడేది కాదు. అప్పుడు అలన్ కోటక్, బాబ్ సాండర్స్ అనే ఇద్దరు తమ రైలుబొమ్మల క్లబ్బుకి వెళ్ళి, అక్కడ పడున్న చెక్కముక్కలూ స్విచ్చులూ ఏరుకొచ్చి, చేతికి అనువుగా వేరే పెట్టెలు చేసుకున్నారు. కాల్చే మీట నొక్కితే చప్పుడు రాకుండా కూడా జాగ్రత్తపడ్డారట, అవతలివాడు కనిపెట్టకుండా.

మావాడు ఇంగ్లీషులో అడిగాడు, "వాళ్ళ చేతులు బాగానే ఉన్నాయి కదా?" అని. ఆయన నవ్వి, "చేతులు బాగానే ఉన్నాయి, స్విచ్చులే బాగాలేవు" అన్నాడు. అని, అలాంటి పెట్టె ఒకటి వాడి ముందు బల్ల మీద పెట్టాడు. ఎడమచేత్తో ఓడ తిప్పుతూ, కుడి మణికట్టుతో మీట నొక్కాడు మావాడు. రెండుసార్లు నక్షత్రంలో పడిపోయాడు. మూడోసారి తమ్ముడి ఓడని పేల్చేశాడు! నాకు కళ్ళు చెమర్చాయి. చూడకుండా అటు తిరిగాను.

ఇంటికొచ్చాక పిల్లలే చెప్పారు, ఇప్పటి ఆటలకీ అలాంటివి ఉన్నాయని. 2018లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు అడాప్టివ్ కంట్రోలర్ అని ఒకటి తెచ్చారు. అట్లపెనం మీద రెండు పెద్ద అట్లు పోసినట్టు రెండు నల్లటి మీటలు, అరచేత్తోనో మోచేత్తోనో ఎలా నొక్కినా చాలు. వెనక వరసగా 19 చిన్న రంధ్రాలు, పాత ఇయర్‌ఫోన్ పిన్ను పట్టేంతవి. ఏ రంధ్రంలో ఏ బటన్ పెడితే అది ఆ పని చేస్తుంది. కాలితో తొక్కేవి ఉన్నాయి, తలతో తాకేవి ఉన్నాయి. దాని అట్టపెట్టె కూడా కత్తెర లేకుండా, ఉంగరాల్లాంటివి లాగితే తెరుచుకునేలా చేశారు. ఆ ఉపాయం మన మసాలా ప్యాకెట్లవాళ్ళకి తెలిస్తే బాగుండును. వచ్చినప్పుడు దాని ధర వంద డాలర్లకి ఒక్క సెంటు తక్కువ. విడిగా కొనే బటన్ల ధరలు చూసి మాత్రం నా గుండె ఝల్లుమంది.

మరిది వద్దన్నా వినకుండా కొన్నాడు. ఎడమచేతికి చిన్న జాయ్‌స్టిక్కు, కుడి మణికట్టుకి పెద్ద మీటలు, కాలికింద ఒక పెడల్. పిల్లలు అన్నీ అమర్చారు గానీ పెడల్ నున్నటి చెక్కనేల మీద జారిపోతోంది. కూరలు తరిగే చెక్క కదలకుండా నేను కింద తడిగుడ్డ వేస్తాను కదా, అదే గుర్తొచ్చింది. కరెంటు వస్తువుకి తడి పనికిరాదు గనక వంటింటి అలమరలో పరిచే రబ్బరుపట్టా ముక్క వేశాను. కదిలితే ఒట్టు! ఆ ఇంట్లో ఆటల విషయంలో నా సలహా పనికొచ్చింది అదొక్కటే.

తెనాలి వచ్చాక ఇంకో బటన్ కావాలన్నాడు. బజార్లో మిక్సీలు బాగుచేసే అబ్బాయి దగ్గరికి వెళ్ళి, కాలింగ్ బెల్ నొక్కుడు స్విచ్చుకి రెండు తీగలతో ఇయర్‌ఫోన్ పిన్ను అతికించమన్నాం. నొక్కినప్పుడు తీగలు కలిస్తే చాలు, ఇంకేం అక్కర్లేదు. అతను చాయ్ తాగినంతసేపట్లో చేసిచ్చాడు, బక్కెట్టు నీళ్ళలో పడెయ్యొద్దని ఒక జాగ్రత్త కూడా చెప్పాడు.

ఇప్పుడు ఆదివారం రాత్రి తొమ్మిదయ్యేసరికి, అక్కడ తెల్లారి పిల్లలు లేచేవేళకి, ముగ్గురూ ఇంటర్నెట్‌లో కలిసి ఆడతారు. నేను వంటింట్లో ఇడ్లీపిండి కలుపుతుంటే గదిలోంచి కేకలు. అన్నానికి పిలిస్తే, "మధ్యలో పిలవకమ్మా, ఓడిపోతాను" అని విసుక్కుంటాడు.