ఉద్భిజ్జము – అండజము: శేషాచలంలో ఒక విచారణ

జరాయుజములు, అండజములు, స్వేదజములు, ఉద్భిజ్జములు అని మన పూర్వులు ప్రాణికోటిని నాలుగు విధాలుగా విభజించారు. ఐతరేయోపనిషత్తు ఈ నాలుగింటినీ పేర్కొని, సమస్తానికీ ప్రజ్ఞానమే ఆధారమని బోధిస్తుంది. శేషాచల పర్వతశ్రేణిలోని రెండు ప్రాణులకు ఈ విభాగాన్ని అన్వయించి చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. ఒకటి రక్తచందన వృక్షం, రెండవది పసుపు గొంతు పిగిలిపిట్ట.

రక్తచందనం ఉద్భిజ్జం. ఆధునిక వర్గీకరణలో ఇది పుష్పించే మొక్కలలో చిక్కుడు కుటుంబానికి చెందినది. శాస్త్రీయ నామం టెరోకార్పస్ శాంటలినస్. పేరులో చందనమున్నా శ్రీగంధం కుటుంబం వేరు. నామం వస్తుతత్త్వాన్ని చెప్పదనడానికి ఇదొక దృష్టాంతం. పిగిలి అండజం, పక్షుల తరగతిలో, పిక్నోనోటిడే కుటుంబంలోని గానపక్షి. వర్గీకరణలో ఈ రెండింటి మార్గాలు రాజ్యం వద్దనే వేరైపోయాయి. అయినను ఆ చెట్టు పువ్వూ పసుపే, ఈ పక్షి కంఠమూ పసుపే. టెరోకార్పస్ అనే గ్రీకు మాటకు రెక్కల కాయ అని అర్థం!

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం వారి ఎర్ర జాబితాలో పిగిలిది 'హానికి లోనుకాగలది' అనే స్థాయి. రక్తచందనానిది అంతకంటె తీవ్రమైన 'అంతరించే ప్రమాదంలో ఉన్నది' అనే స్థాయి. 1995 నుండి దాని అంతర్జాతీయ వాణిజ్యం సైటిస్ ఒప్పందపు నియంత్రణలో ఉన్నా, చేవకోసం దొంగచాటుగా నరకడం ఆగలేదు. కదలలేని చెట్టుకు ఆపద సహజమే, పక్షి ఎగిరిపోవచ్చు కదా అనిపిస్తుంది. కాని ఈ పిగిలి దక్షిణాపథంలోని రాతికొండల పొదలను ఆశ్రయించి బ్రతుకుతుంది. రాతికోసం కొండనే పగులగొడితే రెక్కలు దానిని ఎక్కడికి చేర్చగలవు?

ఒక సత్సంగంలో ఒక సాధకుడు నన్నిలా ప్రశ్నించాడు: "ఆత్మకు నాశం లేదు కదా, ఒక జాతి నశిస్తే శోకమెందుకు?" నేను చెప్పిన సమాధానమిది: ఆత్మ అవినాశి అన్న జ్ఞానం మన శోకాన్ని తొలగించడానికే గాని, మన గొడ్డలికి అనుమతి ఇవ్వడానికి కాదు. అష్టాంగయోగంలో సమాధి చివరిది, అహింస మొదటిది. మొదటి మెట్టు ఎక్కనివాడు చివరి మెట్టు మాట ఎత్తడం వేదాంతం కాదు, వాక్చాతుర్యం మాత్రమే.

సూర్యారాధనలో రక్తచందనం వాడే ఆచారం మనకున్నది. కనుక ఈ విచారణ మన పూజామందిరం వరకూ రావలసినదే. ఒక మాలనో, ప్రతిమనో కొనే ముందు ఆ కొయ్య ఏ త్రోవన వచ్చిందని అడుగుదాం. సంతృప్తికరమైన సమాధానం రాకుంటే, తోటలో పూచిన ఒక ఎర్రమందారంతో అర్చిద్దాం. ఆదిత్యుడు దానినీ ప్రీతితోనే స్వీకరిస్తాడు.