హైదరాబాద్ స్కై ఎవరికైనా గుర్తుందా?

కొల్లాపూర్‌లో ఐపీఎల్ జెర్సీ వేసుకు తిరిగే పోరగాళ్లను ‘హైదరాబాద్ స్కై’ ఏంటని అడిగితే విమానాల కంపెనీ అనుకుంటారు. అది బాస్కెట్‌బాల్ టీమ్. 2015లో వచ్చిన యూబీఏ లీగ్‌లోని ఎనిమిది జట్లలో ఒకటి. 2017 తర్వాత ఆ లీగే లేదు.

అసలు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ పుట్టుకా ఇలాంటిదే. 1946 నవంబర్ 1న టొరంటోలో తొలి మ్యాచ్. అక్కడి హస్కీస్ జట్టు సెంటర్ జార్జ్ నోస్ట్రాండ్ ఎత్తు 6 అడుగుల 8 అంగుళాలు. అతని కన్నా పొడుగున్నోళ్లకు టికెట్ ఫ్రీ అని ప్రచారం చేశారు! (మన జాతరంతా గాలించినా అంత పొడగరి దొరకడు.) హస్కీస్ 66-68తో న్యూయార్క్ చేతిలో ఓడింది. ఒక్క సీజన్‌కే దుకాణం సర్దేసింది.

ఆనాటి 11 జట్లలో ఇప్పటికీ ఆడుతున్నవి మూడే: సెల్టిక్స్, నిక్స్, వారియర్స్.

స్కై ఆట చూసినవాళ్లుంటే ఒక ఫొటో పెట్టండి.